స్ట్రాటజీ గేమ్ కవర్ ఎవరూ నొక్కడం లేదా? 120 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బెంగళూరులో ఇద్దరు కలిసి చేస్తున్న వంతులవారీ స్ట్రాటజీ గేమ్. పదహారో శతాబ్దపు పాళెగాళ్లు, మట్టికోటలు, చెరువులు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పేజీ పెట్టి కొన్నాళ్లయింది. కవర్ మీద కోట, కోట ముందు గుర్రపు దండు, పైన బంగారు రంగులో పన్నెండు అక్షరాల ఇంగ్లీషు పేరు. జాబితాల్లో కనిపిస్తోంది గానీ నొక్కేవాళ్లు లేరు. ఆర్టిస్టుకు ఏం చెప్పి మార్పించాలి?

ముందు చిన్న లెక్క. దుకాణంలో ఆట కోసం పెట్టే కవర్ బొమ్మల్ని స్టీమ్ క్యాప్సూల్స్ అంటుంది. జాబితాల్లో కనిపించే స్మాల్ క్యాప్సూల్ సైజు 462×174. దాన్ని స్టీమే కుదించి 184×69, 120×45 సైజుల్లో కూడా వాడుకుంటుంది. మీ ఆట పేరే వినని మనిషి కంట మొదట పడేది చాలాసార్లు ఈ బుల్లి బొమ్మే. మీ రౌతు బొమ్మ ఎత్తులో ఐదో వంతు ఉన్నాడనుకోండి, 120×45లో అతగాడి ఎత్తు 9 పిక్సెళ్లు. గుర్రమేదో మనిషెవరో తెలియని గోధుమరంగు మరక. పన్నెండు అక్షరాల పేరు ఒకే వరసలో ఉంటే అంచులు పోగా అక్షరానికి 8 పిక్సెళ్లు దక్కుతాయి. అదే ఆరేసి చొప్పున రెండు వరసలు చేస్తే 16. చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య తేడా అక్కడే ఉంది.

అందుకని స్మాల్ క్యాప్సూల్‌ని బొమ్మ అనుకోవడం మానేయండి. అది పేరు పలక. లోగో దాదాపు మొత్తం నింపేయాలి, స్టీమ్ సూచనల్లోనూ ఇదే ఉంటుంది. పెద్ద లోగోని కుదించి పెడితే పని జరగదు. దీనికోసం విడిగా ఇంకో లోగో గీయించాలి: లతలు, చెక్కుడు, లోహపు మెరుపు తీసేసి, గీతలు లావు చేసి, ఒకే లేత రంగు, చుట్టూ ముదురు అంచు. ఆ బంగారు మెరుపు పెద్ద సైజులో ముచ్చటగా ఉంటుంది, చిన్న సైజులో సగం అక్షరం వెలుగులో, సగం చీకట్లో పడి అక్షరం రెండు ముక్కలవుతుంది. తెలుగు లిపిలో పేరు పెట్టాలన్న మోజు ఉంటే పెద్ద బొమ్మలకు దాచుకోండి. 45 పిక్సెళ్ల ఎత్తులో మన ఒత్తులూ గుడులూ పక్క అక్షరంతో కలిసి ముద్దయిపోతాయి.

ఇక అసలు బొమ్మ. కోట, గుర్రాలు, దుమ్ము: ఇది చూసినవాడికి యాక్షన్ ఆట అనిపిస్తుంది. స్ట్రాటజీ ఆడేవాడు వెతికేది వేరే. ఇందులో నేను ఏం తేల్చుకోవాలి, దేన్ని వదులుకోవాలి అని చూస్తాడు. మీ ఆటలో ఆ చిక్కు చెరువు దగ్గరుంది కదా, తూము ఎత్తితే ఏ ఊరికి నీళ్లు, ఏ ఊరు ఎండాలి అని. దాన్నే గీయించండి. కాస్త ఎత్తు నుంచి చూసినట్టు, చెరువు కట్ట బొమ్మను ఏటవాలుగా రెండుగా కోయాలి. ఒక పక్క నీలి ఆకుపచ్చ నీళ్లు, రెండో పక్క ఎర్రమట్టి బీడు. కట్ట నడుమ తూము, దాని మీద నిలబడ్డ ఒకే ఒక్క మనిషి, ఎత్తులో కనీసం సగం. కోట దూరంగా, నీడలా చాలు. దండు కావాలంటే బీడు వైపు నాలుగైదు జెండాలు పెట్టండి, గుర్రాలొద్దు. బొమ్మ ఎంత కుదించినా రెండు రంగులూ మధ్యలో గీతా మిగులుతాయి.

లాల్‌బాగ్ బండ మీది కెంపేగౌడ గోపురం పెడదామన్న ఆలోచన రావచ్చు. మనకు చూడగానే తెలుస్తుంది. పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో కూర్చున్నవాడికి అదొక రాతి మంటపం, అంతే. వెనకాల దూరంగా ఉంచండి, ముఖ్య వస్తువుగా మాత్రం వద్దు.

రంగుల్లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. స్టీమ్ పేజీ నేపథ్యం ముదురు నీలం. బొమ్మ అంచులు కూడా రాత్రి నీలంలోనో నల్లటి నీడలోనో ముగిస్తే కవర్ ఎక్కడ మొదలైందో తెలియక పేజీలో కలిసిపోతుంది. నాలుగు అంచుల్లో కనీసం రెండు లేతగా ఉండాలి. ఆర్టిస్టు ప్రింటు పనుల అలవాటుతో సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే రంగుల పద్ధతిలో గీస్తే ఎగుమతిలో రంగులు మారతాయి. మొదటి రోజు నుంచీ తెరలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ అని చెప్పండి.

ఒక్క బొమ్మ గీయించి అన్ని సైజులకూ కత్తిరిద్దామనుకుంటే ఇరుక్కుంటారు. స్టీమ్ అడిగే మిగతా కవర్లు ఇవీ: హెడర్ 920×430, మెయిన్ 1232×706, రెండూ అడ్డం. వెర్టికల్ 748×896, లైబ్రరీ (కొన్నవాళ్ల ఆటలుండే చోటు) క్యాప్సూల్ 600×900, ఇవి నిలువు. లైబ్రరీ హీరో 3840×1240, పొడుగాటి పట్టీ, దాని మీద అక్షరాలు ఉండకూడదు, లోగో పారదర్శక పీఎన్‌జీగా విడిగా ఇవ్వాలి. హీరోని తెరను బట్టి కత్తిరిస్తారు కాబట్టి ముఖ్యమైనది నడిమి 860×380లోనే ఉండాలి. దారి ఏమిటంటే, 4000×4000 కాన్వాసు మీద ఆకాశం, కోట, నీళ్లు, బీడు, కట్ట, మనిషి, లోగో వేర్వేరు లేయర్లలో, అంటే విడివిడిగా కదపగల పొరల్లో గీయించడం. మనిషి వెనక కట్ట కూడా పూర్తిగా గీసి ఉండాలి. ఈ మాట ముందే చెప్పకపోతే, మనిషిని పక్కకు జరిపినప్పుడు వెనకాల తెల్లటి కన్నం కనిపిస్తుంది, దాన్ని పూడ్చడానికి మళ్లీ డబ్బు అడుగుతారు. అడగడం న్యాయమే.

పనిని మూడు మెట్లుగా ఒప్పుకోండి: నలుపు తెలుపులో ఆరు చిన్న స్కెచ్‌లు, అందులో రెండింటికి రంగు, ఆఖర్న ఒకదానికి పూర్తి బొమ్మ. స్కెచ్‌లని 120×45కి కుదించి చూశాకే రంగుకు వెళ్లండి. మీ ట్యాగు (ఆట ఏ రకమో చెప్పే గుర్తుమాట) కింద వచ్చే ఆటల జాబితా స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఒక ఆట స్థానంలో మీది అతికించి, దర్శినిలో నిలబడి కాఫీ తాగుతున్న స్నేహితుడికి ఫోన్లో రెండు సెకన్లు చూపించండి. 'బాగుందా' అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. 'ఇందులో ఏం చేస్తారనిపించింది' అని అడగండి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీలో కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ప్రపంచమంతా అమ్మే ఆటకు ఇది చాలదు. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాయించుకోండి, లేయర్లున్న పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలు ఇవ్వాలని కూడా. ఏఐతో చేసిన బొమ్మలు ఆటలో ఉంటే 2024 జనవరి నుంచి స్టీమ్ ఫారంలో చెప్పాలి, అది పేజీలో అందరికీ కనిపిస్తుంది.

క్యాప్సూల్ మీద ఆట పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప వేరే రాతలు 2022 సెప్టెంబర్ 1 నుంచి కుదరవు. అవార్డులు, రివ్యూ మార్కులు, తగ్గింపు ధర, ఏవీ. అప్‌డేట్ వచ్చినప్పుడు తాత్కాలికంగా వేరే ఆర్ట్ పెట్టుకోవచ్చు, నెల వరకు.

కొత్త కవర్ పెట్టాక స్టీమ్ ఇచ్చే ట్రాఫిక్ నివేదికలో (పేజీకి జనం ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేది) మొత్తం అంకె చూడకండి. ఒకే చోటు నుంచి, అంటే వెతుకులాటో ట్యాగ్ పేజీయో, వచ్చిన క్లిక్ శాతం కవర్ మార్చక ముందు రెండు వారాల్లో ఎంత, మార్చాక రెండు వారాల్లో ఎంత అని పోల్చండి. మధ్యలో సేల్ గానీ, రాబోయే ఆటల డెమోలు పెట్టే స్టీమ్ వేడుక నెక్స్ట్ ఫెస్ట్ గానీ పడితే ఆ లెక్క పనికిరాదు.

ఇంకొకటి, మీ పేజీలో మొదటి ట్యాగు 'యాక్షన్' అని రాశారు. అది అలాగే ఉంటే ఎంత మంచి తూము గీయించినా అది చేరేది తుపాకులు వెతుక్కునేవాళ్లకే. 'టర్న్ బేస్డ్ స్ట్రాటజీ' పైకి తెచ్చి, రెండు వారాలు పాత కవర్‌తోనే అంకెలు చూసి, ఆ తర్వాతే ఆర్టిస్టుకు అడ్వాన్సు ఇవ్వండి.