టూరిజం, ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదువు: అమ్మాయిని పంపొచ్చు, ఆ ఫీజు మాత్రం కట్టకండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ సీఈసీ మంచి మార్కులతో పాసైంది. హైదరాబాద్ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీబీఏ టూరిజం అండ్ ఈవెంట్ మేనేజ్‌మెంట్ చేస్తానని పట్టుబడుతోంది. హాస్టల్‌తో కలిపి మూడేళ్లకు 9 లక్షల దాకా అవుతుందట. నాది చిన్న ఫ్యాన్సీ షాపు, 6 లక్షలు లోను తీసుకోక తప్పదు. బంధువులేమో "పెళ్లిళ్లకు డెకరేషన్ చేయడానికి డిగ్రీ ఎందుకు? బీకాం చేయించి బ్యాంకు కోచింగ్‌కు పంపు" అంటున్నారు. అర్ధరాత్రి దాకా ఉండే పని ఆడపిల్లకు కుదురుతుందా అని మా ఆవిడకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. అమ్మాయి ఎంచుకున్న రంగం మంచిదే. ఆ యూనివర్సిటీకి అంత ఫీజు కట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మీ ఇంట్లో రెండింటినీ కలిపి వాదించుకుంటున్నట్టున్నారు, అందుకే తెగడం లేదు.

ముందు మీ బంధువుల మాట చూద్దాం. ఈ పనంటే పూల దండలు, లైట్లు అనుకునేవాళ్లకు మీ ఊరే జవాబు చెబుతుంది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రోజు కొరవడింది అలంకరణ కాదు. ఒక ఘాట్ దగ్గరికి గంటకు ఎంతమందిని వదలాలి, లోపలికి వెళ్లే దారీ బయటికొచ్చే దారీ ఎక్కడ విడిపోవాలి, ముందు గేటు దగ్గర జనం నిండిపోతే వెనకాల వస్తున్నవాళ్లను ఎక్కడ ఆపాలి, అంబులెన్స్‌కు ఏ దారి ఖాళీగా ఉంచాలి? ఇవన్నీ లెక్కగట్టి, కాగితం మీద పెట్టి, సిబ్బందితో ముందే ఒకసారి నడిపించి చూసుకోవాల్సిన విషయాలు. ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో అసలు చదువు ఇదే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. నదిలో ఉధృతి ఏ స్థాయికి చేరితే బోటు తీయకూడదు, ఎక్కినవాళ్లందరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ ఉందో లేదో ఎవరు చూడాలి, "టికెట్లు అమ్మేశాం కదా" అన్న ఒత్తిడిలో "ఈ రోజు వెళ్లం" అనే ధైర్యం ఎవరికి ఉండాలి? టూరిజం నడిపేవాళ్లు రోజూ ఎదుర్కొనే ప్రశ్నలివి. మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఈ పనిని చదువుకుని, శిక్షణ తీసుకుని చేసే పిల్లలు మన ఊళ్లకు కావాలండీ. దీన్ని తక్కువ పనిగా చూడకండి.

ఇక అమ్మాయితో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. కోర్సు పేరులో కలిపి రాశారు గానీ టూరిజం, ఈవెంట్లు ఒకే పని కాదు.

టూరిజం అంటే ఎక్కువ భాగం డెస్క్ పని. విమాన టికెట్లు బుక్ చేసే అమెడియస్, గెలీలియో లాంటి సిస్టమ్‌లు, వీసా కాగితాలు, హోటళ్లతో రేట్ల బేరాలు, ప్యాకేజీ ఖరీదు కట్టడం. సికింద్రాబాద్ నుంచి కాశీ, అయోధ్య, పూరీ యాత్రలకు ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లు వేస్తోంది కదా. అలాంటి ఒక్క యాత్ర వెనక ఎంత పనుందో అమ్మాయిని ఊహించమనండి. వందల మందికి మూడు పూటలా భోజనం, ప్రతి ఊళ్లో బస, స్టేషన్ నుంచి గుడికి బస్సులు, పెద్దవాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే డాక్టరు, అన్నీ ఖర్చు లెక్కలో ఇమడాలి. ఓపిక, లెక్క, భాషలు ఉన్నవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. మన దగ్గర హిందీ, తమిళం మాట్లాడగలిగితే చాలా కలిసొస్తుంది, ఎందుకంటే తిరుపతికీ అరకుకూ వచ్చేవాళ్లలో బయటి రాష్ట్రాలవాళ్లు చాలామంది ఉంటారు. ఫ్రెంచో జపనీసో నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో పార్ట్ టైమ్ కోర్సులుంటాయి. గైడ్‌గా చేయాలని ఉంటే అది మరో దారి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గుడి ఇసుక పునాదినీ తేలికపాటి ఇటుకలనూ బయటి రాష్ట్రంవాళ్లకు వాళ్ల భాషలో, తప్పుల్లేకుండా, విసుగు పుట్టకుండా చెప్పగలిగే మనుషులు ఇంకా చాలామంది కావాలి.

ఈవెంట్ల పని వేరు. అది నిలబడి చేసేది. పెళ్లయితే నెలల ముందు నుంచీ గెస్ట్ లిస్టు, రూముల కేటాయింపు, ఎయిర్‌పోర్ట్ పికప్‌లు, కేటరింగ్‌వాళ్లతో ప్లేట్ల లెక్క, కడియం నుంచి పూలు ఏ వేళకు దిగాలన్న లెక్క ఉంటాయి. కంపెనీ కాన్ఫరెన్స్ అయితే హైదరాబాద్‌లోని హెచ్ఐసీసీ, హైటెక్స్ లాంటి పెద్ద కన్వెన్షన్ సెంటర్లలో హాలు చేతికొచ్చిన కొద్ది గంటల్లోనే స్టేజీ, సౌండ్, ఎల్ఈడీ స్క్రీన్లు లేపాలి. పోలీసు పర్మిషన్, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం), పాటలు వేస్తే మ్యూజిక్ లైసెన్సు చూసుకోవాలి. ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్ స్పీకర్లు వేయకూడదన్న నిబంధనకు తగ్గట్టు కార్యక్రమాన్ని ముందుకో వెనక్కో జరపాలి. జనరేటర్ ఆగితే రెండోది సిద్ధంగా ఉండాలి. ముహూర్తం ఆగదు కాబట్టి "రేపు చేద్దాం" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. అందరూ భోంచేసి వెళ్లాక సామాను లోడ్ చేయించి, కూలీలకు డబ్బులిచ్చి, హాలు అప్పగించాకే పని అయినట్టు.

అమ్మాయి "ఈవెంట్స్" అన్నప్పుడు ఆమె కళ్ల ముందు ఏది మెదులుతోందో అడగండి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే సంగీత్ రీల్ మాత్రమేనా, దాని వెనకాల పనివాళ్ల లెక్క రాసుకుంటున్న తనేనా? ఇది ఎగతాళిగా అడిగే మాట కాదు, నిజంగా తెలుసుకోవడానికి అడగండి.

డబ్బు సంగతి. నా దగ్గర చదువు గురించి మాట్లాడి ఈ రంగంలోకి వెళ్లిన పిల్లలు చెప్పేదాన్ని బట్టి, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం సాధారణంగా నెలకు 15 నుంచి 25 వేల మధ్య ఉంటోంది. పని తెలిసినవాళ్లకు పెరుగుదల బాగానే ఉంటుంది, సొంతంగా పెట్టుకునే అవకాశమూ ఉంది. కానీ మొదటి రెండు మూడేళ్లు బిగుతుగానే సాగుతాయి. మీరు 6 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 8 వేలు. చదివే కాలంలో వడ్డీ కట్టకుండా వదిలేస్తే అదీ అసలుకు కలిసి వాయిదా ఇంకా పెరుగుతుంది. 20 వేల జీతంలో హాస్టల్, తిండి, బస్సు ఖర్చులు పోయాక ఆ వాయిదా అమ్మాయి కట్టగలదా? కట్టలేదు. ఆ భారం మీ షాపు మీదే పడుతుంది. నేను ఆ ఫీజు వద్దంటున్నది ఇందుకే.

పైగా ఈ రంగంలో రాబడి ఏడాదంతా ఒక్కలా ఉండదు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్ల పని దాదాపు ఆగిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు మూతపడింది, ఆలస్యంగా తేరుకుంది ఈ రంగాలే. కాబట్టి ఇందులోకి వచ్చేవాళ్లు అప్పు తక్కువ పెట్టుకుని రావాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మరి ఎక్కడ చదివించాలి? మన రాష్ట్రంలోనే నెల్లూరులో ఐఐటీటీఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్) క్యాంపస్ ఉంది. కేంద్ర పర్యాటక శాఖ 1983లో పెట్టిన సంస్థ అది, ఇప్పుడు ప్రధాన కేంద్రం గ్వాలియర్‌లో ఉంది. టూరిజం అండ్ ట్రావెల్‌లో బీబీఏ, ఎంబీఏ ఉన్నాయి. ఈ ఏడాది దరఖాస్తు గడువు మిగిలుందేమో ఇవాళే వాళ్ల వెబ్‌సైట్లో చూడండి. హైదరాబాద్ గచ్చిబౌలిలోని టూరిజం, హాస్పిటాలిటీ విద్యాసంస్థ నిథమ్‌లో కూడా టూరిజం, హాస్పిటాలిటీ కోర్సులున్నాయి. పక్క రాష్ట్రం విద్యార్థులకు సీట్ల నిబంధనలు ఎలా ఉన్నాయో అడిగి తెలుసుకోండి. ఐహెచ్ఎంలు (హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లు) కూడా మంచివే గానీ అక్కడ నేర్పేది ప్రధానంగా హోటల్ పని, అమ్మాయి కోరిక అది కాదు.

ఇవేవీ కుదరకపోతే నా సలహా వినండి. రాజమండ్రిలోనే మంచి కాలేజీలో బీకాం గానీ బీబీఏ గానీ చేయించండి, సెలవుల్లో ఈవెంట్ల పని చేయనివ్వండి. తర్వాత క్యాట్, మ్యాట్, సీమ్యాట్ లాంటి పరీక్ష స్కోరుతో టూరిజం ఎంబీఏకు వెళ్లొచ్చు. ఖాతాలు, జీఎస్టీ తెలిసిన మనిషికి ఈవెంట్ కంపెనీలో ఎప్పుడూ విలువ ఉంటుంది. అప్పుడు మీ బంధువుల బీకాం మాట కూడా నెగ్గినట్టే ఉంటుంది, అమ్మాయి దారీ మూసుకుపోదు.

ఆ ప్రైవేటు యూనివర్సిటీనే కావాలని అమ్మాయి ఇంకా పట్టుబడితే ఒకసారి స్వయంగా వెళ్లండి. యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడండి. యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే విడి కాలేజీ అయితే సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులను పర్యవేక్షించే ఏఐసీటీఈ అనుమతి కూడా అడగండి, 2024-25 నుంచి బీబీఏ కోర్సులు దాని పరిధిలోకి వచ్చాయి. బ్రోషర్‌లో ఫొటోల మీద నమ్మకం పెట్టుకోవద్దు. కిందటేడు పాసైన బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు ఇమ్మని అడిగి, వాళ్లతో అమ్మాయినే మాట్లాడమనండి. ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు, ఏ కంపెనీలో, స్టైపెండ్ ఎంత, ఆ కంపెనీలో తర్వాత ఉద్యోగంలో ఎంతమంది నిలిచారు అన్నవే అసలు ప్రశ్నలు. పాఠాలు చెప్పేవాళ్లలో ఈ రంగంలో పని చేసినవాళ్లు ఎంతమందో అడగండి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

మీ ఆవిడ గారి భయం నాకు అర్థమవుతోంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఈవెంట్ల పనిలో రాత్రులు ఉంటాయి, ఉండవని చెబితే అబద్ధమవుతుంది. కానీ నాణ్యంగా నడిచే కంపెనీలు ఆడపిల్లలకు ఇంటి దాకా క్యాబ్ గానీ, ఈవెంట్ జరిగేచోటే రూము గానీ ఇస్తాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చేరే ముందే "రాత్రి డ్రాప్ ఉందా, కమిటీలో ఎవరున్నారు" అని అడగడం అమ్మాయికి నేర్పండి. నీళ్లు నమిలే కంపెనీని వదిలేయమనండి. రాత్రి పని అసలు వద్దనుకుంటే ట్రావెల్ డెస్క్, వీసా పని, కార్పొరేట్ టికెటింగ్ ఎక్కువగా పగటిపూటే నడుస్తాయి. ఆ మాట మీ ఆవిడ గారితో చెప్పండి, కొంత కుదుటపడతారు.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. ఈ జ్యేష్ఠంలో మిగిలిన ముహూర్తాలకు మీ ఊళ్లో మీకు నమ్మకమున్న ఈవెంట్ వాళ్ల దగ్గర రెండు మూడు పెళ్లిళ్లకు అమ్మాయిని పంపండి. జీతం అడగొద్దు. గెస్ట్ డెస్క్ దగ్గరో, సామాను లెక్క దగ్గరో నిలబెట్టమనండి. ఇంటికొచ్చాక "అలసిపోయావా" అని అడక్కండి, అందరూ అలసిపోతారు. ఏ తప్పు జరిగింది, తను దాన్ని ఎలా సర్దింది అని అడగండి. ఆ సంగతి ఉత్సాహంగా చెప్పుకొస్తే ఈ రంగం ఆమెది. ఎవరు తిట్టారు, ఎండ ఎంతుంది అన్నవే చెబితే తొందరపడకుండా ముందు డిగ్రీ చేయించండి.

ఈలోగా డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో దగ్గరి కాలేజీకి ఆప్షన్ పెట్టి ఉంచండి. సీటు బ్లాక్ చేస్తామంటూ యూనివర్సిటీవాళ్లు ఫోన్ చేస్తే అడ్వాన్స్ కట్టకండి. కట్టక తప్పదనిపిస్తే, చేరకపోతే ఎంత తిరిగి ఇస్తారో, ఏ తేదీలోగా ఇస్తారో కాగితం మీద రాయించుకున్నాకే కట్టండి.