పాయింట్లు తెస్తాడు, టీమ్‌ని మాత్రం చెడగొడుతున్నాడు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ టీమ్, నేను కెప్టెన్ని. మా మెయిన్ రైడర్ కూతకి వెళ్తే ఖాళీగా తిరిగి రావడం చాలా తక్కువ. కానీ ప్రాక్టీస్‌కి అందరి వార్మప్ అయ్యాక వస్తాడు, పట్టు జారితే కోర్టులోనే లెఫ్ట్ కార్నర్‌ని (ఎడమ చివర నిలబడి పట్టేవాణ్ణి) బూతులు తిడతాడు, తను అవుటై బయట కూర్చుంటే టవల్ మొహం మీద వేసుకుని ఆట వైపు చూడను కూడా చూడడు. ఇద్దరు జూనియర్లు మానేస్తామంటున్నారు. పీడీ సార్‌కి (ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్‌కి) చెప్తే 'పాయింట్లు తెస్తున్నాడుగా, సర్దుకోండి' అన్నారు. వచ్చే నెల కాలేజీల మధ్య పోటీలున్నాయి. ఏం చెయ్యమంటారు?
— ఒక కెప్టెన్, కొరిటెపాడు

జవాబు: తమ్ముడూ, సర్దుకోవద్దు. వాడు తెచ్చే పాయింట్లు స్కోరుబోర్డు మీద కనిపిస్తాయి. వాడి నోటి వల్ల పోయే పాయింట్లు వేరేవాళ్ల పేరు మీద పడుతున్నాయి, అందుకే మీ సార్‌కి అవి లెక్కలోకి రావట్లేదు.

మీ లెఫ్ట్ కార్నర్ సంగతే తీసుకో. అవతలి రైడర్ కాలు ముందుకేసి వెనక్కి లాక్కునే ఆ క్షణంలోనే అతను యాంకిల్ పట్టాలి, కార్నర్ వెళ్లాడనగానే పక్కన వరసగా నిలబడే ఇన్, కవర్ ఆటగాళ్లు వచ్చి మీద పడాలి. 'జారితే మళ్లీ అందరి ముందూ తిట్లు తినాలి' అని మనసులో ఉన్న కుర్రాడు ఆ క్షణంలో ఆగుతాడు, అతను ఆగితే వెనక రావలసిన ఇద్దరూ ఆగుతారు, రైడర్ హాయిగా గీత దాటి వెళ్లిపోతాడు. లేదా తనేంటో చూపించాలని తొందరపడి ముందే దూకేస్తాడు, సాయం అందేలోపు ఆ రైడర్ విడిపించుకుంటాడు. రెండుసార్లూ మనం కార్నర్ తప్పే అనుకుంటాం.

ఇంకో విషయం మీ రైడర్‌కి కూర్చోబెట్టి చెప్పాలి. తను అవుటయ్యాక మళ్లీ లోపలికి రావాలంటే టీమ్‌లో ఎవరో ఒకరు అవతలి వాణ్ణి అవుట్ చెయ్యాలి, బోనస్ గీత దాటి పాయింట్ తెచ్చినా రివైవల్ (అవుటైనవాడు తిరిగి రావడం) ఉండదు. అంటే వాడు బయట టవల్ కప్పుకుని కూర్చున్నప్పుడు వాణ్ణి తిరిగి కోర్టులోకి తెచ్చేది చాలాసార్లు వాడు తిట్టిన ఆ కార్నరే. ఈ ముక్క వాడికి ఎక్కితే సగం పని అయినట్టే.

మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ ఆడిన 2022 థామస్ కప్, అదే మగవాళ్ల బ్యాడ్మింటన్ టీమ్ పోటీ, గుర్తుందా? బ్యాంకాక్‌లో క్వార్టర్స్ మలేషియాతో, సెమీస్ డెన్మార్క్‌తో. రెండుసార్లూ మొదటి సింగిల్స్ లక్ష్య సేన్ ఓడిపోయాడు, రెండుసార్లూ మిగతావాళ్లు పట్టుబట్టి 3-2తో గెలిపించారు. ఫైనల్లో ఎదురుగా అప్పటికే 14 సార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా. మళ్లీ మొదట దిగింది లక్ష్య సేనే, తొలి గేమ్ 8-21తో పోగొట్టుకున్నాడు, అయినా తర్వాతి రెండు గేములూ గెలిచాడు. తర్వాత సాత్విక్, చిరాగ్ డబుల్స్ గెలిచారు, ఆపైన శ్రీకాంత్ 21-15, 23-21తో జొనాథన్ క్రిస్టీని ఓడించి 3-0 చేశాడు, కప్పు మనకొచ్చింది. వరుసగా రెండు ఓడిన కుర్రాడు మీ టీమ్‌లో ఉండి ఉంటే ఫైనల్‌కి ఏ మనసుతో వచ్చేవాడో ఒక్కసారి ఆలోచించు.

ఇక మాట్లాడే పద్ధతి. జూనియర్ల ముందు వద్దు, ప్రాక్టీస్ అయ్యాక టీ కొట్టు దగ్గర వాడొక్కడితోనే మాట్లాడు. 'నీ యాటిట్యూడ్ బాలేదు' అని మొదలుపెట్టావంటే 'నేనింతే' అంటాడు, కథ అక్కడితో అయిపోతుంది. ఏ మ్యాచ్‌లో ఏమన్నాడు, ఆ తర్వాత కార్నర్ ఎన్ని పట్లకి వెళ్లకుండా ఆగిపోయాడు, అది చెప్పు. చెప్పాక వాడు చెప్పేది కూడా విను. ఇలా కోర్టులో అరిచే పిల్లల్లో చాలామందికి లోపల టెన్షన్ ఉంటుంది, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంట్లో అంతా వాడి మీదే ఆశ పెట్టుకుని ఉండొచ్చు, టీమ్ ఓడితే తన భవిష్యత్తే పోయినట్టు భయపడుతుండొచ్చు. దానికి తిట్టే హక్కు రాదు కానీ, నీకు వాడితో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది.

నియమం మాత్రం అందరికీ ఒకటే పెట్టు, నీతో సహా. లేటుగా వచ్చినవాడు ఆ రోజు ప్రాక్టీస్ మ్యాచ్‌లో దిగడు, అంతే. వాడికొక లెక్క, జూనియర్లకొక లెక్క అయితే నీ మాట ఎవరూ వినరు. అప్పటికీ మారకపోతే ప్రాక్టీస్ మ్యాచ్‌లో మొదటి హాఫ్ పక్కన పెట్టు, ఆ టైమ్ రెండో రైడర్‌కి ఇవ్వు. ఎలాగూ వాడికి దెబ్బ తగిలితే పోటీల్లో కూతకెళ్లే ఇంకొకడు మీకు కావాలి కదా! పీడీ సార్‌ని దీనికి ముందే ఒప్పించు, పోయిన పట్ల లెక్క కాగితం మీద రాసి చూపించు. ఆయన ఒప్పుకోకుండా నువ్వు వాణ్ణి ఆపితే మ్యాచ్ మధ్యలో ఆయనే వాణ్ణి కోర్టులోకి దింపేస్తారు.

ఆ జూనియర్లిద్దరితో ఇవాళే మాట్లాడు. రైడర్ సంగతి తేలేదాకా ఆగితే వాళ్లు బ్యాగులు సర్దుకుని వెళ్లిపోతారు.