పెన్సిల్ పట్టగానే చెయ్యి నొప్పంటున్న బాబు గురించి

ఐదేళ్ల బాబు నాలుగక్షరాలు దిద్దగానే చెయ్యి నొప్పంటూ పెన్సిల్ పడేస్తున్నాడని రాశారు. దాన్ని బద్ధకం అనుకోకండి. ఆ వయసులో వేళ్లకి ఇంకా బలం చాలదు, పైగా మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలే.

రెండు వారాలు నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. పలక మీద అంగుళం బలపం ముక్కతో రాయించండి. నిండు బలపం వద్దు. ముక్క పొట్టిగా ఉంటే పిడికిలితో పట్టలేడు, మూడు వేళ్లే వాడాల్సి వస్తుంది. పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి వేలితో రాయించినా మంచిదే.

'అ'తో మొదలుపెట్టకండి, దాంట్లో మెలికలెక్కువ. ముందు 'ర', తర్వాత ఒకే పోలికున్న వ, ప, మ. వాటికి ల, క కలిస్తే 'వల', 'పలక' తనే రాసేస్తాడు. సొంతంగా ఒక మాట రాసిన హుషారు వందసార్లు దిద్దించినా రాదండి!

రోజుకి ఐదారు నిమిషాలు చాలు. వాడు విసుక్కోకముందే మీరే ఆపేయండి. తప్పు రాస్తే పదిసార్లు రాయించడం మాత్రం పూర్తిగా మానేయండి, రాతంటే శిక్ష అనుకుంటాడు.

ఆ తర్వాత సరుకుల చీటీలో ఒక్క మాట వాడికి వదలండి. 'పాలు' బదులు 'పలు' అని రాసినా అక్కడే దిద్దకండి. ఆ చీటీ చూసి పాలు తెచ్చి వాడి చేతికివ్వండి. దీర్ఘం సంగతి మర్నాడు పలక మీద చూపించొచ్చు.