బెల్లం సంగతి తర్వాత, ముందు కళ్లె పరీక్ష

ప్రశ్న: నా వయసు 36. తాడిపత్రిలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా అంచులు గ్రైండింగ్ చేస్తున్నాను. దుమ్ము లోపల పేరుకోకుండా పనయ్యాక రోజూ బెల్లం ముక్క తింటాం. ఇన్నేళ్లు తింటే షుగర్ వస్తుందా? మా నాయనకు ఉంది. రెండు నెలలుగా దగ్గు, కొంచెం కళ్లె, మెట్లెక్కితే ఆయాసం. ప్యాంట్లు వదులయ్యాయి. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే నాలుగు రోజులు బాగుంటుంది.

జవాబు: షుగర్ గురించి చివర్లో చెప్తాను. మీరు మాటవరసకు రాసిన దగ్గే నన్ను భయపెడుతోంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ఎవరికైనా టీబీ పరీక్ష చేయాలి. మీకు రెండు నెలలైంది, బరువు తగ్గారు, పైగా తొమ్మిదేళ్లు రాతి దుమ్ములో ఉన్నారు. మనిషిని చూడకుండా జబ్బు పేరు పెట్టను గానీ, నా అనుమానం టీబీ మీద, సిలికోసిస్ మీద. సిలికోసిస్ అంటే రాతి దుమ్ములోని సిలికా చేరి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. టీబీ, సిలికోసిస్ రెండూ కలిసే ఉండొచ్చు. సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా పాగా వేస్తుంది.

ఇక ఆ మాత్రలు. వాటిలో చిన్న తెల్ల మాత్ర ఉందా? అది స్టెరాయిడ్ కావచ్చు. ఆయాసం తగ్గుతుంది, ఆకలేస్తుంది, 'మందు పనిచేసింది' అనిపిస్తుంది. లోపల టీబీ ఉంటే అది ఈలోగా ముదురుతుంది. కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా టీబీని కొద్ది రోజులు అణచి, పరీక్షకు దొరక్కుండా చేస్తాయి. ఇలా నాలుగేసి నెలలు షాపు చుట్టూ తిరిగి, నడవలేని స్థితిలో నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. షాపాయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన దగ్గర స్టెతస్కోపు లేదు కదయ్యా. అయితే నెలల తరబడి స్టెరాయిడ్ వాడుంటే ఒక్కసారిగా ఆపకండి. ఆ స్ట్రిప్పులు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఈ వారంలోనే ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి. టీబీ పరీక్ష, మందులు అక్కడ ఉచితం. అవసరమైతే అనంతపురం సర్వజనాసుపత్రికి పంపుతారు. ఓపీ చీటీ మీద 'గ్రానైట్ గ్రైండింగ్, తొమ్మిదేళ్లు' అని అడిగి రాయించుకోండి. పని సంగతి చెప్పకపోతే సిలికోసిస్ మచ్చలను టీబీ అనుకుని కోర్సు మీద కోర్సు మందులు మింగించే ప్రమాదముంది. టీబీకి మందుంది. సిలికోసిస్‌తో గట్టిపడిన ఊపిరితిత్తిని మాత్రం వెనక్కి తేలేం, దుమ్ములోనే ఉంటే ఇంకా ముదురుతుంది. అందుకే రిపోర్టు వచ్చేదాకా గ్రైండర్ పట్టకండి. బీడీ అలవాటుంటే అదీ ఆపండి.

మన నాపరాయి కంటే గ్రానైట్‌లో సిలికా బాగా ఎక్కువ. హాని చేసే రేణువు కంటికి కనపడదు, తువ్వాలు దాన్ని ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు కొంత నయం. అసలు రక్షణ నీళ్లు: రాయిని తడిపి కోయాలి, తడిపే గ్రైండింగ్ చేయాలి, నేలను పొడిగా ఊడవకూడదు. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకుంటారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి.

నీళ్ల పైపు, మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత, మీరు బతిమాలి తెచ్చుకునేవి కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. జీతం నెలకు 21 వేల లోపైతే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు ఉందేమో అడగండి. మీ గుర్తింపు కార్డు, జీతం చీటీలు పారేయకండి, రేపు పరిహారం అడగాలంటే అవే ఆధారం.

బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండూ కలవవు. నాయనకు ఉంది కాబట్టి షుగర్ ఎలాగూ చూపించుకోండి, కళ్లె ఇచ్చిన రోజే రక్తమూ ఇస్తే సరి. ఆ తెల్ల మాత్ర స్టెరాయిడే అయితే, షుగర్ పెంచడంలో మీ బెల్లం ముక్క దాని ముందు దిగదుడుపే.