ముందు మౌంటు, తరువాత మోటారు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నా దగ్గర రేడియో రిమోట్‌తో నడిచే 1/8 స్కేలు నైట్రో (మిథనాల్ ఆధారిత ఇంధనంతో నడిచే) బగ్గీ కారు ఉంది. ఇంజిను 3.5 సీసీ. కొని పదేళ్లు దాటినా బండి గట్టిగానే ఉంది. ఇంధనం దొరకడమే గగనమైపోయింది. దొరికిన ఆదివారం కూడా సగం పూట కార్బురేటరు సర్దుబాటుకే సరిపోతోంది. దీన్ని బ్యాటరీతో నడిచేలా మార్చుకోవచ్చునా? ఏ మోటారు కొనమంటారు?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: నిస్సందేహంగా మార్చుకోవచ్చు. ఛాసిస్, మూడు డిఫరెన్షియళ్లు (చక్రాలకు శక్తిని పంచే గేరుపెట్టెలు), షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు), చక్రాలు యథాతథంగా పనికివస్తాయి. ఇంజిను, క్లచ్, ఫ్లైవీలు, సైలెన్సరు, ఇంధనపు ట్యాంకు, థ్రాటిల్ సర్వో, రిసీవరు బ్యాటరీ మాత్రం బయటికి వస్తాయి. ఏ మోటారు కొనాలన్న ప్రశ్నకు జవాబు కాసేపు ఆగి చెబుతాను. ఎందుకంటే ఈ పనిలో చేతులు కాల్చుకున్నవారిలో ఎక్కువమంది మోటారుతో మొదలుపెట్టినవారే. నేనూ మొదటి బండికి అలాగే చేశాను. మోటారు చేతికి వచ్చాక చూస్తే దాని వెనుక భాగం స్టీరింగ్ సర్వోకు తగులుతోంది. దాన్ని ఎలాగైనా ఇరికించాలని 3 మి.మీ. రేకుతో చేయించిన మౌంటు (మోటారును ఛాసిస్‌కు బిగించే పట్టు) మొదటి రోజే వంగి, మధ్య డిఫరెన్షియల్ మీది పెద్ద గేరు, అంటే స్పర్ గేరు, పళ్లన్నీ అరిగిపోయాయి.

అందువల్ల ముందుగా ఖాళీ ఛాసిస్ మీద కొలతలు చూసుకోండి. ఈ స్కేలు బగ్గీలకు ఎక్కువగా వాడే మోటారును 4274 అంటారు. అంటే దాని వ్యాసం 42 మి.మీ., పొడవు 74 మి.మీ. ప్లంబింగుకు వాడే ఒకటింపావు అంగుళం యూపీవీసీ పైపు బయటి వ్యాసం కూడా ఇంచుమించు 42 మి.మీ.యే కనుక, ఆ పైపును 74 మి.మీ. ముక్కగా కోసుకుంటే అదే మీ నమూనా మోటారు. బ్యాటరీకి బదులుగా 14 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తు ఉన్న చెక్క ముక్కను తీసుకోండి. ఇంజిను ఉన్నచోట పైపు ముక్కను, ట్యాంకు ఉన్న వైపు చెక్కను పెట్టి, పైన బాడీ బిగించి, స్టీరింగును రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. ఎక్కడ ఏది తగులుతుందో పైసా ఖర్చు లేకుండా ఆ సాయంత్రమే తెలిసిపోతుంది.

ఇక గేర్ల లెక్క. 1/8 నైట్రో బగ్గీల్లో క్లచ్ బెల్ (ఇంజిను వైపు చిన్న గేరు), స్పర్ గేరు సాధారణంగా మాడ్యూల్ 1 పళ్లతో ఉంటాయి. మాడ్యూల్ అంటే పళ్ల పరిమాణాన్ని చెప్పే కొలత. ఎలక్ట్రిక్ మోటార్లకు వచ్చే 5 మి.మీ. రంధ్రపు పిన్నియన్లు (మోటారు షాఫ్టుకు తొడిగే చిన్న గేర్లు) కూడా అదే మాడ్యూల్‌లో దొరుకుతాయి కనుక మీ స్పర్ గేరును మార్చనక్కరలేదు. మాడ్యూల్ 1 అయినప్పుడు రెండు గేర్ల కేంద్రాల మధ్య దూరం కనుక్కోవడం తేలిక. పళ్లన్నీ కూడి సగం చేస్తే మిల్లీమీటర్లు వస్తాయి. స్పర్‌కు 46 పళ్లు, పిన్నియన్‌కు 14 పళ్లు ఉంటే 60లో సగం, అంటే 30 మి.మీ. పిన్నియన్ 16 పళ్లది వేస్తే 31 మి.మీ. మోటారు వ్యాసార్ధం 21 మి.మీ. కాబట్టి మోటారు డబ్బాకూ, దాని పక్కనే సాగే డ్రైవ్ షాఫ్టు మధ్యరేఖకూ నడుమ మిగిలేది 9 మి.మీ. మాత్రమే. మధ్య డిఫరెన్షియల్‌కు ఆనుకుని ఉండే బ్రేకు డిస్కు అంత ఇరుకులో తిరగలేదు. బ్రేకు డిస్కులు తీసేయాలని అందరూ చెప్పే మాట వెనుక ఉన్న అసలు కారణం ఇదే. డిస్కులు పోయాక బ్రేకు వేసే బాధ్యత మోటారుదీ, దాన్ని నడిపించే స్పీడ్ కంట్రోలరుదీ అవుతుంది. ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత అని రెండు డిస్కులతో విడివిడిగా సర్దుకునే సౌకర్యం మాత్రం ఉండదు. నైట్రో బండికి అలవాటుపడిన చేతికి ఈ తేడా మొదట్లో తెలుస్తుంది. కంట్రోలరులో బ్రేకు బలాన్ని సగం దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

మౌంటు విషయానికి వస్తే, మీరు గాజువాకలోనే ఉన్నారు కనుక ఆటోనగర్ మీకు కూతవేటు దూరం. కొన్ని మోడళ్లకు తయారుగా కన్వర్షన్ కిట్లు వస్తాయి. మీ బండికి దొరకకపోతే లేత్, మిల్లింగ్ పని చేసే షాపులో 6 మి.మీ.కు తగ్గని అల్యూమినియం ప్లేటుతో ఎల్ ఆకారపు మౌంటు చేయించుకోండి. మోటారు ముఖం మీది రంధ్రాల కొలతలు తయారీదారుల డ్రాయింగులో ఉంటాయి. మౌంటు అడుగున ఛాసిస్‌లోని పాత ఇంజిను బోల్టు రంధ్రాలనే వాడుకుంటే ఛాసిస్‌కు కొత్త చిల్లులు పడవు. ఒక్క మాట మరువకుండా చెప్పండి: మౌంటులో రంధ్రాలు గుండ్రంగా కాక, గేరు వైపుకూ వెనక్కూ జరిగేలా కోలగా, కనీసం 3 మి.మీ. జారుడుతో ఉండాలి. పిన్నియన్ ఒక్క పన్ను మారితే కేంద్రదూరం అర మిల్లీమీటరు మారుతుంది కదా.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి, అంటే 4ఎస్‌కు, నామమాత్రపు వోల్టేజి 14.8, నిండుగా ఛార్జి చేసినప్పుడు 16.8. దానికి 2000 నుంచి 2200 కేవీ మధ్య ఉన్న బ్రష్‌లెస్ (లోపల కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు తీసుకోండి. కేవీ అంటే బరువు లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే సంఖ్య. 2000 కేవీ అయితే 14.8 వోల్టులకు 29,600 చుట్లు వస్తాయి. మీ ముందు, వెనుక డిఫరెన్షియళ్లను తిప్పే గేర్లు 43, 10 పళ్లవి అనుకుందాం. మీ బండిలో విప్పి లెక్కపెట్టుకోండి. 46/14ను 43/10తో గుణిస్తే మొత్తం నిష్పత్తి సుమారు 14.1. చక్రం వ్యాసం 112 మి.మీ. అయితే ఒక చుట్టుకు బండి 35 సెం.మీ. ముందుకు వెళుతుంది. కాగితం మీద వేగం గంటకు సుమారు 44 కి.మీ. అదే 16 పళ్ల పిన్నియన్‌తో 50 కి.మీ. దాటుతుంది. నా సలహా 14తోనే మొదలుపెట్టమని. విశాఖ ఎండల్లో, అందులోనూ ఉక్కపోత రోజుల్లో, పెద్ద పిన్నియన్ మోటారును ఉడికించేస్తుంది. ఐదు నిమిషాలు నడిపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు డబ్బాను చూడండి. 80 డిగ్రీలకు చేరువగా ఉంటే ఒక పన్ను తగ్గించండి, బాగా తక్కువగా ఉంటే ఒక పన్ను పెంచండి. నైట్రో ఇంజిను 100 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేసేది కనుక ఆ పాత అంచనాతో మోటారును కొలవకండి.

స్పీడ్ కంట్రోలరు 4ఎస్‌కు సరిపోయే, 150 ఆంపియర్ల స్థాయిది ఉండాలి. రిసీవరుకూ స్టీరింగ్ సర్వోకూ కావలసిన కరెంటును అదే ఇస్తుంది కాబట్టి పాత రిసీవరు బ్యాటరీని దానితో పాటు కలిపి ఉంచకూడదు. కంట్రోలరు తీగను థ్రాటిల్ సర్వో ఉన్న రెండో ఛానలుకు కలపండి. మీ రేడియో పాత 27 మెగాహెర్ట్జ్‌ది అయితే ఈ అవకాశంలోనే 2.4 గిగాహెర్ట్జ్‌కు మారండి. బ్రష్‌లెస్ కంట్రోలరు నుంచి వచ్చే విద్యుత్ గోలకు పాత రేడియోలు తడబడతాయి. బ్యాటరీ కనెక్టర్లకు టంకం వేసేటప్పుడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు. 60 వాట్లకు తగ్గనిది కావాలి. లావు తీగ వేడిని లాగేసుకుంటుంది, టంకం పైపైన ముద్దలా గడ్డకడుతుంది, పరుగు మధ్యలో అది ఊడిపోతుంది.

గేర్లు కలిపే పద్ధతిని కాస్త శ్రద్ధగా చెప్పనివ్వండి. నోటుపుస్తకం కాగితాన్ని సన్నని పట్టీగా చించి, పిన్నియన్‌కూ స్పర్‌కూ మధ్య పెట్టి, మోటారును వేలితో గేరు వైపు నొక్కి బోల్టులు బిగించండి. తరువాత చక్రాన్ని తిప్పి పట్టీని బయటికి తీయండి. దాని మీద పళ్ల మడతలు స్పష్టంగా ఉండాలి, చిరుగు ఉండకూడదు. చిరిగితే బిగువెక్కువ, మడతలు మసకగా ఉంటే వదులెక్కువ. స్పర్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పి, నాలుగుచోట్ల ఇలా చూడండి, ఎందుకంటే పాత స్పర్ గేర్లు పరిపూర్ణమైన గుండ్రంగా ఉండవు. పిన్నియన్ స్క్రూ మోటారు షాఫ్టు మీది చదునైన భాగం మీదే కూర్చోవాలి, దానికి థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క పడాలి. మొదటిసారి మోటారు తిప్పేటప్పుడు బండిని ఇటుకల మీద పెట్టి చక్రాలు గాలిలో ఉంచండి. వెనక్కి తిరుగుతుంటే, సెన్సరు లేని మోటారుకు మూడు తీగల్లో ఏ రెండింటినైనా ఒకదాని చోట మరొకటి మార్చితే చాలు. సెన్సరు తీగ ఉన్న మోటారుకు మాత్రం అలా చేయకూడదు. దిశను కంట్రోలరు సెట్టింగులోనే మార్చాలి.

మోటారు బలం ఒక్కసారిగా వస్తుంది కనుక మధ్య డిఫరెన్షియల్‌లో పలుచని నూనె ఉంటే శక్తంతా ముందు చక్రాలకు పోయి అవి ఊరికే గిర్రున తిరుగుతాయి. ఇప్పుడు 5,000 నూనె (ఈ సంఖ్య నూనె చిక్కదనాన్ని చెబుతుంది) ఉంటే 7,000కు, అదీ చాలకపోతే 10,000కు మారండి. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఐదో వంతు మిగిల్చి, సగటున 20 ఆంపియర్లు వాడితే 12 నిమిషాలు నడుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. వాళ్ల మామయ్య ఇచ్చిన నైట్రో కారును లైపో బ్యాటరీకి మార్చుతామంటున్నారు. మేము ఉండేది మూడో అంతస్తు ఫ్లాటు. ఆ బ్యాటరీలు పేలతాయని విన్నాను. ఇంట్లో ఉంచవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: అమ్మా, మీ భయం సబబైనదే. ముందు ఒక పోలిక గమనించండి. నైట్రో ఇంధనంలో ప్రధానమైనది మిథనాల్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకే విషం, కంటిచూపును దెబ్బతీయగలది, దాని మంట పట్టపగలు దాదాపు కనిపించదు. కాబట్టి ఆ సీసా ఇంట్లోంచి పోవడం వల్ల ఒక ప్రమాదం తగ్గుతుంది. లైపోతో ఇంకో ప్రమాదం వస్తుంది, దాన్ని పద్ధతితో అదుపులో ఉంచవచ్చు.

ఒక్కో సెల్లును విడిగా చూసుకునే బ్యాలెన్స్ ఛార్జరునే వాడనివ్వండి. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి 5 ఆంపియర్లకు మించి పెట్టవద్దు. ఛార్జింగు పరదాలకు, పరుపులకు దూరంగా, టైల్సు నేల మీద, పెద్దవాళ్లు మెలకువగా అక్కడే ఉన్నప్పుడు మాత్రమే జరగాలి. రాత్రి పెట్టి నిద్రపోవడం, పెట్టి బజారుకు వెళ్లడం ఒక్కసారి కూడా వద్దు. వారం రోజులు ఆడకపోతే బ్యాటరీని నిండుగా కాక సెల్లుకు 3.8 వోల్టుల వద్ద, అంటే నాలుగు సెల్లులదైతే మొత్తం 15.2 వోల్టుల వద్ద నిలవ ఉంచాలి. ఈ పనిని చాలా ఛార్జర్లు స్టోరేజి అనే సెట్టింగులో తామే చేస్తాయి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, మళ్లీ ఛార్జి చేయడం చేయరాదు. పొగ వస్తే ముందు అందరూ గది బయటికి రావాలి, ఎందుకంటే ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. ఈ నియమాలను అబ్బాయితో పాటు మామయ్య కూడా పాటిస్తానంటేనే ఒప్పుకోండి.

ప్రశ్న: మార్చిన బగ్గీని బీచి ఇసుకలో నడపవచ్చునా? ఎర్రమట్టి దిబ్బల దగ్గర కూడా మంచి ఎత్తుపల్లాలున్నాయి.
– ఒక పాఠకుడు, భీమిలి

సమాధానం: ఎర్రమట్టి దిబ్బల వైపు బండి తీసుకెళ్లకండి. అవి భౌగోళిక వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన చోటు. అక్కడ చక్రం చేసిన గాడి తరువాతి వానకు వాగుగా మారుతుంది.

బీచి సంగతి వేరు. మీ భీమిలి తీరంలో ఇసుక మీద నల్లని చారలు చూసే ఉంటారు. అందులో ఇల్మెనైటుతో పాటు మాగ్నటైటు కూడా ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని ఆ చార మీద ఆడించి చూడండి, నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. బ్రష్‌లెస్ మోటారు లోపల ఉండేవి బలమైన అయస్కాంతాలే కదా. గాలి కోసం కన్నాలున్న మోటారులో ఈ నల్ల ఇసుక చేరి, రోటరుకూ తీగచుట్టలకూ మధ్యనున్న సన్నని సందులో ఒరుసుకుంటుంది. నైట్రో ఇంజినుకు గాలి ఫిల్టరు ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలేది. ఈ బాధ దానికి లేదు. అందువల్ల తీరంలో నడపదలిస్తే కన్నాల్లేని, పూర్తిగా మూసిన డబ్బా మోటారునే ఎంచుకోండి. అలల తడి తగిలే చోటికి మాత్రం వద్దు. నీరు చొరబడదని కంట్రోలరు మీద రాసి ఉన్నా ఉప్పునీటిని నమ్మకండి. ఆట అయ్యాక పొడి బ్రష్షుతో దులిపి, బేరింగుల్లో చుక్క నూనె వేయండి.

ప్రశ్న: మార్పిడి అయ్యాక పాత ఇంజినును పారేయడానికి మనసొప్పడం లేదు. ఎలా దాచాలి?
– ఒక పాఠకుడు, ఉక్కునగరం

సమాధానం: పారేయకండి. బాగా ఒదిగిన స్లీవు, పిస్టను మళ్లీ దొరకడం కష్టం. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలిలో ఆ తేమ బేరింగులను ఒక్క వర్షాకాలంలోనే తుప్పు పట్టిస్తుంది. అందుకే ఇంజిను విప్పకముందే ఇంధనపు గొట్టాన్ని నొక్కిపట్టి, లోపలున్నది మొత్తం కాలిపోయి ఇంజిను దానంతటదే ఆగేలా చూడండి. గ్లో ప్లగ్ తీసి, లోపలికి నాలుగైదు చుక్కల ఆఫ్టర్‌రన్ నూనె (ఇంజినును తుప్పు నుంచి కాపాడేది) వేసి, ఫ్లైవీలును చేత్తో తిప్పి, ప్లగ్ తిరిగి బిగించండి. స్లీవు లోపలి రంధ్రం పైభాగాన ఇరుకుగా ఉంటుంది కనుక పిస్టనును పైన వదిలితే అక్కడ పట్టేస్తుంది. కిందికి దించి వదలండి. కార్బురేటరు నోటికీ, సైలెన్సరు దారికీ నూనెగుడ్డ కుక్కి, సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఆరు నెలలకొకసారి తీసి, రెండు చుక్కల నూనె వేసి, ఫ్లైవీలు తిప్పి, పిస్టను మళ్లీ కిందికి దిగాక మూతపెట్టండి.