ఎవరు ఎవరో పట్టిక వేస్తే సరిపోదు

అమ్మడూ,

పొలంలో జంతువులు యజమానిని తరిమేశాక పందులు పెత్తనం చేసే జార్జ్ ఆర్వెల్ కథ 'యానిమల్ ఫామ్' మీద వ్యాసం రాస్తున్నానని, అందులో నెపోలియన్ అనే పంది అంటే రష్యాని ఏలిన స్టాలిన్, స్నోబాల్ అనే పంది అంటే అతను వెళ్ళగొట్టిన ట్రాట్‌స్కీ అని పట్టిక కూడా వేసుకున్నానని రాశావు. ఆ పట్టిక తీసి పక్కన పెట్టు. దాంతో పరీక్షలో మార్కులొస్తాయేమో గానీ పుస్తకం మంచిదో కాదో తేలదు. స్టాలిన్‌ని తిట్టిన కరపత్రాలు అప్పట్లో బోలెడు, ఇప్పుడు వాటిని చదివేదెవరు?

ముందు రష్యా సంగతి బొత్తిగా తెలియనట్టు చదువు. బాక్సర్ గుర్రాన్ని బండెక్కించే చోటు చూడు. ఆసుపత్రికే అనుకుని మిగతావన్నీ వీడ్కోలు చెబుతుంటాయి, అది గుర్రాల్ని కోసి జిగురు వండేవాడి బండి అని గాడిద బెంజమిన్ చదివి చెబుతాడు, లోపల్నుంచి డెక్కలతో తన్నిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది. తర్వాత పందులకి ఎక్కడిదో డబ్బు దొరికి విస్కీ పెట్టె కొన్నాయట. ఈ రెండిటికీ లంకె ఏమిటో ఆర్వెల్ ఒక్క ముక్క చెప్పడు. మన పంచతంత్రంలోనైతే ఈపాటికి ఎవరో ఒకరు నీతి శ్లోకం అందుకునేవాళ్ళు! పైగా పని చెయ్యలేని ముసలి గుర్రాన్ని కబేళాకి అమ్మెయ్యడం ఏ పొలంలోనైనా జరిగేదే. జంతువు జంతువుగా ఉంటూనే మనిషి గోడు మోయాలి, అంతేగానీ మనిషికి తోక తగిలించినట్టుంటే ఆ కథ తేలిపోయినట్టే.

ఇంకోటి, రచయిత తనకి గిట్టనివాణ్ణి ఎలా చూపించాడో పట్టుకో. మనుషులు దాడిచేసి పొలంలోని గాలిమరని పేల్చినప్పుడు నెపోలియన్‌తో సహా అన్నీ నేలమీద బోర్లా పడ్డాయని ముందు రాశాడు. 1945లో పుస్తకం అచ్చుకాకముందే 'నెపోలియన్ తప్ప' అని మార్పించాడు. యుద్ధంలో జర్మన్లు మీదికొస్తున్నా స్టాలిన్ మాస్కో వదల్లేదు కదా, అందుకని. కోపంతో రాసేవాళ్ళలో ఇంత ఓపిక అరుదు.

ఇక లోపం సంగతి, దీన్ని మాత్రం తప్పించుకోకు. 1944లో ఫేబర్ అనే ప్రచురణ సంస్థ తరఫున ఈ పుస్తకాన్ని వద్దన్న కవి టి.ఎస్.ఎలియట్, పందులు అందరికంటే తెలివైనవి కాబట్టి ఏలడానికి అవే తగినవి, కావలసింది నలుగురి మంచి చూసే పందులు అన్నట్టు రాశాడు. చాలామంది దాన్ని చదివి నవ్వుతారు, నాకు మాత్రం నవ్వు రాదు. మనిషికి చదువు లేకపోతే అది ఎవరో అందనివ్వక, కానీ ఇక్కడ గొర్రె పుట్టుకతోనే మొద్దు, పంది పుట్టుకతోనే గడుసు. అలాగైతే ఆ మోసంలో పందుల తప్పెంత, పుట్టుక తప్పెంత? బెంజమిన్ పందులకి దీటుగా చదవగలడు, అయినా బాక్సర్ని తీసుకెళ్ళేదాకా ఉలకడు పలకడు. ఈ ప్రశ్నకి ఆర్వెల్ జవాబు బెంజమినే కావచ్చు. నన్నడిగితే అది సగం జవాబే, గొర్రెల మాట మిగిలే ఉంది. నీకేమనిపిస్తే అదే రాయి, కాకపోతే పుస్తకంలోంచి చూపించి రాయి.

మీ పెదనాన్న