కరోనా సమయంలో నేత్రదానం ఎందుకు అంతగా తగ్గిపోయింది?

కరోనాతో పోయినవాళ్ల కళ్లు తీసుకోకపోవడం ఒక కారణమే గానీ, అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మనిషి పోయాక సుమారు 6 గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, సేకరించాలి. మామూలు రోజుల్లో ఫోన్ చేస్తే ఐ బ్యాంక్ టెక్నీషియన్ ఇంటికే వస్తాడు. 2020 మార్చి లాక్‌డౌన్‌తో అది ఆగిపోయింది. ఆసుపత్రిలో ఏడుస్తున్న కుటుంబం పక్కన కూర్చుని, మెల్లగా నేత్రదానం మాట ఎత్తే కౌన్సెలర్లకు కూడా వార్డుల్లోకి వెళ్లే వీలు లేకపోయింది. నా దృష్టిలో పెద్ద నష్టం ఇదే. అడిగేవాళ్లు లేకపోతే, ఆ దుఃఖంలో ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి?

ఇంకో చిక్కు నిల్వ. మన దగ్గర బాగా వాడే ఎంకే మీడియం అనే నిల్వ ద్రావణంలో కార్నియా దాదాపు 4 రోజులే ఉంటుంది, ఖరీదైన ద్రావణాల్లో అయితే రెండు వారాల వరకు. ఆపరేషన్లు వాయిదా పడితే చేతిలో ఉన్నదీ పాడైపోతుంది. అలాంటప్పుడు కంటికి చిల్లు పడ్డ అత్యవసర కేసులకు, గ్లిజరిన్‌లో నెలల తరబడి దాచిన కార్నియాలు అక్కరకొస్తాయి. వాటిలో కణాలు బతికి ఉండవు కాబట్టి చూపు స్పష్టంగా రాదు, కానీ కన్ను పోకుండా ఆపొచ్చు. తర్వాత పీపీఈ కిట్లతో, కరోనా లేనివాళ్ల నుంచి, ముందుగా ఆసుపత్రుల్లో సేకరణ మళ్లీ మొదలైంది.